తుఫానొస్తే క్రేన్ బ్రేక్ ఎందుకు తీసేస్తారు?

గుణుపురం వైపు ఒక ఫ్యాక్టరీ సైటులో ఖలాసీగా పనిచేసే కుర్రాడు మొన్న అడిగాడు. "తుఫానొస్తోందంటే అన్నిటినీ తాళ్లేసి కడతాం సార్. రేకుల మీద ఇసుక బస్తాలు పెడతాం. టవర్ క్రేన్‌కి మాత్రం ఉన్న బ్రేక్ కూడా వదిలేసి ఆపరేటర్ దిగొచ్చేస్తాడు. అంత పొడుగు చెయ్యి, అదే బూమ్, రాత్రంతా దానిష్టం వచ్చినట్టు తిరుగుతుంటే లేబర్ క్యాంపులో మాకు నిద్రెలా పడుతుంది?"

తుఫాను ఎలా పుడుతుందో నేను చెప్పను. అల్పపీడనం, వాయుగుండం అని టీవీలో వినీ వినీ అందరికీ కంఠతా వచ్చేసింది. బ్రేక్ సంగతి చూద్దాం.

గోపాల్‌పూర్ ఒడ్డుకెళ్తే తెలుగు మాట్లాడే నొలియాలు, అంటే జాలర్లు, కనిపిస్తారు. లంగరేసిన వాళ్ల పడవని కాసేపు గమనించండి. గాలి ఎటు మారితే అటు తిరిగి, ముక్కుని గాలికి ఎదురుగా పెట్టుకుంటుంది. తిప్పేవాడు ఎవడూ లేడు. తాడు ముక్కు దగ్గరుంది, ఒళ్లంతా వెనకుంది, గాలి ఆ ఒంటిని వెనక్కి నెడుతుంది, అంతే. అదే పడవని రెండు కొసలా బిగించి కట్టండి. గాలి పక్క నుంచి కొట్టిందా, బోల్తాయే. బళ్లో టార్క్, అంటే తిప్పే బలం, చెప్పడానికి ఎప్పుడూ తలుపూ గడియే ఎందుకో! తీరం ఊళ్ల పిల్లలకి ఈ పడవ చాలు.

టవర్ క్రేన్ కూడా లంగరేసిన పడవే. స్తంభం లంగరు. ముందు పొడుగాటి బూమ్, వెనక కాంక్రీటు దిమ్మలు మోసే పొట్టి చెయ్యి. గాలికి బూమ్ ఎక్కువ దొరుకుతుంది కాబట్టి బ్రేక్ లేకపోతే అది గాలివాలుకి తిరిగి అక్కడే ఆగుతుంది. కాస్త అటూ ఇటూ ఊగుతుంది గానీ, గిరగిరా తిరగదు.

బ్రేక్ వేసి ఉంచితే? లెక్క కట్టి చూద్దాం. గాలి వేగాన్ని సెకనుకి మీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140–150 కిలోమీటర్లు. 150 అంటే సెకనుకి సుమారు 42 మీటర్లు. ఒత్తిడి వెయ్యి న్యూటన్ల పైన, అంటే చదరపు మీటరుకి 106 కిలోల బరువు. గాలి అందులో సగమైతే 26 కిలోలే. 60 మీటర్ల బూమ్‌లో గాలికి తగిలే ఇనుము 30 చదరపు మీటర్లనుకోండి. మూడు టన్నుల పైచిలుకు తోపు, స్తంభానికి 30 మీటర్ల దూరంలో. రెండూ గుణిస్తే దాదాపు 95 టన్ను-మీటర్ల మెలి! వెనక చెయ్యి ఎదురు తిప్పేది దానికంటే చాలా తక్కువ. తడిబట్టని పిండినట్టు స్తంభాన్ని పిండేస్తుంది.

నాకు ఇంకా నచ్చింది ఇంకొకటుంది. హుక్‌కి బరువేమీ లేనప్పుడు దిమ్మల వల్ల క్రేన్ ఎప్పుడూ వెనక్కే లాగుతూ ఉంటుంది. బూమ్ గాలివాలున ఉంటే గాలి వెనక నుంచి వచ్చి స్తంభాన్ని ముందుకు తోస్తుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొంత తినేస్తాయి. అదే గాలి ఎదురుగా కొడితే దిమ్మలతో చేతులు కలిపినట్టే.

ఇదంతా చెడగొట్టడం మాత్రం చాలా తేలిక. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకి క్రేన్‌కి నిమ్మకాయలు, మిరపకాయలు కడతారు. కట్టుకోండి, వాటి మీద గాలి ఎంతని! వెనక చేతికి పెద్ద ఫ్లెక్సీ కట్టి అక్టోబరు దాకా విప్పకపోతేనే చిక్కు. వెనక వైశాల్యం పెరిగి, ఎటు తిరగాలో క్రేన్‌కి తెలియకుండా పోతుంది. హుక్‌ని నేలకి కట్టేయడం ఇంకో తెలివి. బ్రేక్ తీసి తాడేసినట్టు! హుక్ ఖాళీగా, పైకి ఎత్తి ఉండాలి.

ఇక నిద్ర సంగతి. బ్రేక్ తీసినా బూమ్ అందే దూరంలో రేకుల షెడ్డు కింద పడుకోవద్దు తమ్ముడూ. వాతావరణ శాఖ తొలి హెచ్చరిక 72 గంటల ముందు, తర్వాతవి 48, 24 గంటల ముందు ఇస్తుంది. స్లాబు భవనానికి మారడానికి అంత టైమ్ చాలు. సముద్రం దూరం కదా అని కొండ కింద ఉండిపోవడమూ మంచిది కాదు. తిత్లీ వానకి గజపతి జిల్లా బరఘరలో గుహలో తలదాచుకున్న వాళ్ల మీదే కొండచరియ పడింది.

తెల్లారాక ఇంజనీరు చూసేదాకా క్రేన్ ఎక్కకు, కింద నుంచే చూడు. మన వైపు తుఫాను ఆగ్నేయం నుంచి వస్తుంటే ముందు ఈశాన్యపు గాలి వీస్తుంది కాబట్టి సాయంత్రం బూమ్ నైరుతి వైపుంటుంది. పొద్దున్న పడమర మీదుగా వాయవ్యానికి వచ్చి ఉంటే తుఫాను నీకు దక్షిణంగా దాటింది. దక్షిణం మీదుగా తూర్పుకి వచ్చి ఉంటే ఉత్తరంగా దాటింది. ఫోన్‌లో సిగ్నల్ లేకపోయినా ఆ కబురు క్రేనే చెప్పేస్తుంది.