ట్రైలర్‌ని కారులా కడగొద్దు

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి క్యాంపర్ ట్రైలర్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొన్న మొదటి వేసవిలోనే నేను చేసిన తెలివితక్కువ పని దాన్ని ప్రెషర్ వాషర్‌తో, అంటే నీళ్లని గట్టి ఒత్తిడితో చిమ్మే యంత్రంతో కడగడం. అమెరికాలో మేముండే టెక్సస్ శాన్ ఆంటోనియో ఎండలో ఇంటి ముందు నిలబెట్టి, కారుకి కొట్టినట్టే మూలమూలకీ కొట్టాను. తళతళలాడింది, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను. రెండు నెలలకి కిటికీ కింద గోడ అప్పడంలా ఉబ్బింది.

కారు ఒళ్లు వెల్డింగ్ చేసిన రేకు. ట్రైలర్ అలా కాదు, చాలావాటికి పైన కనిపించేది పల్చటి ఫైబర్‌గ్లాస్, దాని వెనక పల్చటి ప్లైవుడ్, ఆ వెనక థర్మాకోల్ లాంటి పలక, అన్నీ జిగురుతో అతికించినవే. కిటికీల చుట్టూ, పైకప్పు అంచుల్లో, లైట్ల దగ్గర నీళ్లని ఆపేది సందులు మూసే సీలెంట్ పూత ఒక్కటే, అదేమో ఎండకి గట్టిపడి నెర్రెలిస్తుంది. వెంట్రుకంత సందు దొరికినా చాలు, వత్తి నూనెని పీల్చినట్టు ఆ సందు నీళ్లని పీల్చుకుంటుంది. ప్లైవుడ్ తడిసి జిగురు వదిలేస్తే పైపొర బుడగలా లేస్తుంది. దీన్నే డీలామినేషన్ అంటారు. బాగుచేయించడానికి ఎంతవుతుందో చెబితే బండి అమ్మేద్దామా అనిపిస్తుంది.

మరి వానలో తడిస్తే ఏమీ కాదా అని మా ఆవిడ అడిగింది, సరైన ప్రశ్నే. పెద్ద వాన చినుకు గంటకి సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పడుతుంది. వానలో హైవే మీద వెళ్తుంటే 100 అనుకోండి. 2000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 2000 పౌండ్ల ఒత్తిడి) ప్రెషర్ వాషర్ మూతి దగ్గర నీటి వేగం లెక్కేస్తే గంటకి దాదాపు 600 కిలోమీటర్లు వస్తుంది! నీళ్లు తగిలినప్పుడు పడే ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి హైవే వాన కంటే అది 36 రెట్లు. దూరం నుంచి కొడితే తగ్గుతుందనుకోండి, కానీ మొండి మరక కనిపించగానే చెయ్యి దానంతటదే దగ్గరికి పోతుంది. అందుకే ఇప్పుడు మామూలు గొట్టం, మెత్తటి బ్రష్, రెండు బకెట్లు, అంతే. కరెంటు వైరు ముందే పీకేస్తాను. బయటి గోడకి ఉండే ఫ్రిజ్ గాలి జాలీల్లోకి కింది నుంచి పైకి నీళ్లు కొట్టను.

మొదట పైకప్పు. అక్కడి మురికి ఎలాగూ గోడల మీదికే కారుతుంది, గోడలు ముందు కడిగితే డబుల్ చాకిరీ. తడి కప్పు మీద జారితే నడుం విరుగుతుంది, అందుకే నిచ్చెన మీదే నిలబడి, అందినంత మేర కడిగి, నిచ్చెన జరుపుకుంటాను. చాలా ట్రైలర్ల కప్పు ఈపీడీఎం అనే రబ్బరు. నీళ్లకి, ఎండకి బాగానే ఆగుతుంది కానీ పెట్రోలియం నూనెల్ని పీల్చుకుని ఉబ్బిపోతుంది. మన ఇళ్లలో గ్రీజు మరక కనబడితే చెయ్యి కిరోసిన్ మీదికే పోతుంది కదా, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు.

దానికి పలచని సబ్బునీళ్లు చాలు. సబ్బు అణువుకి ఒక కొస నీళ్లని పట్టుకుంటుంది, ఇంకో కొస జిడ్డుని. కుంకుడుకాయ నురగ చేసేదీ అదే పని. కాకపోతే గోడని ముందు బాగా తడపాలి, లేకపోతే పొడి దుమ్ము మీద సబ్బు కారి చారలు కడుతుంది. ఎండలో అసలు కడగొద్దు. మా ఊరి నీళ్లు ఎడ్వర్డ్స్ అక్విఫర్ అనే భూగర్భ జలాశయం సున్నపురాయి పొరల్లోంచి వస్తాయి. గోడ మీదే ఆరిపోతే పల్నాడు బోరు నీళ్లు కాచిన గిన్నెకి పట్టే తెల్లపొరే ఇక్కడా పడుతుంది. పలచని వెనిగర్ రాస్తే పోతుంది, ఆమ్లం ఆ కాల్షియం కార్బొనేట్‌ని కరిగిస్తుంది కాబట్టి.

వెనిగర్ అన్నాను కాబట్టి ఇంకో మాట. గుడారం గుడ్డకి పట్టిన బూజుకి బ్లీచ్ వాడి, అదే బకెట్లో వెనిగర్ పోశారో, క్లోరిన్ వాయువు వస్తుంది. బ్లీచ్‌తో అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కలిసినా విషవాయువే, అది వేరే రకం. పైగా ఆ క్లీనర్ కప్పుకి ఉండే ప్లాస్టిక్ కిటికీల్ని (స్కైలైట్లని) కూడా పాడు చేస్తుంది.

ఇప్పుడు కడగడానికి రెండు గంటలు పడుతుంది. ఆరాక సీలెంట్ గీతల వెంట వేలు పెట్టి నెర్రెలు వెతకడానికి ఇంకో గంట. కిటికీ కింద ఉబ్బు మాత్రం అలాగే ఉంది.