బరువు తగ్గే ఆపరేషన్: పేగు నుంచి జీర్ణాశయానికి మారిన కత్తి

కోనసీమలో ఎవరైనా 'బైపాస్ చేయించుకున్నాడు' అంటే విన్నవాళ్ళకి ముందు తోచేది గుండే. లావు తగ్గడానికి చేసే బైపాస్ మాట ఇక్కడ కొత్త. కోత ఏ విశాఖలోనో హైదరాబాద్‌లోనో పడుతుంది. కుట్లు ఆరాక మనిషి తిరిగొచ్చేది అమలాపురానికో పాలకొల్లుకో. చిక్కులు మొదలయ్యేదీ అక్కడే. ఈ శస్త్రచికిత్స చరిత్ర మొదటినుంచీ అదే చెబుతోంది.

1954లో అమెరికాలోని మినసోటాలో క్రెమెన్, లిన్నర్ అనే సర్జన్లు చిన్నపేగులో చాలా భాగాన్ని తప్పించి ఆహారానికి అడ్డదారి వేశారు. తరవాత వాడుకలోకి వచ్చిన పద్ధతిలో దాదాపు ఆరు మీటర్ల పేగులో తిండి నడిచేది 45 సెంటీమీటర్లే. బరువు దిగింది, సందేహం లేదు. వెంటే విరేచనాలు పట్టుకున్నాయి. అరగని కొవ్వు కాల్షియాన్ని లాగేసుకోవడంతో మామూలుగా కాల్షియంతో కలిసి మలంలో పోవాల్సిన ఆక్సలేటు (తిండిలో ఉండే ఒక పదార్థం) రక్తంలోకి చేరి కిడ్నీల్లో రాళ్ళు కట్టింది. కొందరికి ఏళ్ళ తరవాత కాలేయం పాడైంది. 1980ల నాటికి ఆ ఆపరేషన్ మూలపడింది.

అల్సర్‌కు జీర్ణాశయం కోయించుకున్నవాళ్ళు మళ్ళీ ఒళ్ళు చేయడం లేదని గమనించిన సర్జన్ ఎడ్వర్డ్ మేసన్, 1966లో అమెరికాలోనే అయోవాలో కత్తిని పేగు నుంచి జీర్ణాశయానికి మార్చాడు. ఇప్పటి బైపాస్‌కు మూలం అదే: పైన సుమారు 30 మిల్లీలీటర్ల సంచి మిగిల్చి దానికి పేగు కలుపుతారు. 1994లో ఇదే పని లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా దించి, చేయడం మొదలైంది. జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా మిగిల్చి మిగతాది కోసేసే 'స్లీవ్' కథ వేరు. మరీ భారీకాయులు పెద్ద ఆపరేషన్ ఒకేసారి తట్టుకోలేరని దీన్ని మొదటి విడతగా చేశారు. రెండో విడత అక్కర్లేకుండానే చాలామంది తగ్గడంతో అదే సొంతంగా నిలబడింది.

ఎవరికి చేయాలన్న గీతా జరుగుతూ వచ్చింది. 1991లో అమెరికా నిపుణుల సంఘం బీఎంఐ (కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 40, జబ్బులుంటే 35 అంది. 2022 మార్గదర్శకాలు ఆసియావాళ్ళకు 27.5కే ఆలోచించవచ్చన్నాయి. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి అది 75 కిలోలు. మన ఆరోగ్య బీమా నిబంధనలు మాత్రం ఇంకా 40 దగ్గరే (అదే మనిషికి 109 కిలోలు), తీవ్రమైన జబ్బులుంటే 35 దగ్గర ఉన్నాయి. 75 కిలోలకే బల్లెక్కడం తొందరే అనిపిస్తుంది. అదుపు తప్పిన షుగరుంటే లెక్క వేరు. షుగరూ గుండెజబ్బూ పట్నం రోగాలనే మాట డెల్టాలో ఎప్పుడో చెల్లిపోయింది. 2003-04లో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలు లెక్కగడితే, 32 శాతానికి కారణం గుండె, రక్తనాళాల జబ్బులే.

స్లీవ్‌లో 12-13 మిల్లీమీటర్ల గొట్టాన్ని నోటి ద్వారా దించి, దాని వెంబడి స్టేప్లర్‌తో జీర్ణాశయాన్ని నిలువుగా కోస్తారు. 75-80 శాతం బయటికి వచ్చేస్తుంది. కుట్టు కారితే ఎక్కువగా అన్నవాహిక కలిసే పైచివరే: అక్కడ రక్తప్రసరణ తక్కువ, గొట్టంలా మిగిలిన ఇరుకు జీర్ణాశయంలో ఒత్తిడి ఎక్కువ. జ్వరం కోసం ఎదురుచూడకూడదు. నాడి నిమిషానికి 120 దాటి దిగకపోతే ఆపరేషన్ చేసిన చోటికి పంపాల్సిందే.

మొదటి రెండు మూడు నెలల్లో వాంతులు పట్టుకుంటే ఊళ్ళో జరిగేది తెలిసిందే: ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ సీసా వేలాడదీస్తాడు. ప్రమాదం అక్కడుంది. ఒంట్లో థయమిన్, అంటే బీ1, నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది అడుగంటిన మనిషికి ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది: కనుగుడ్లు అదరడం, అడుగు తూలడం, మతి తికమకపడటం. ముందు థయమిన్ ఇంజెక్షన్, ఆ తరవాతే సీసా.

బైపాస్ అయినవాళ్ళు ఆత్రేయపురం పూతరేకు రెండు చుట్టలు గబగబా తింటే, పంచదార నేరుగా పేగులో పడి చెమటలు, గుండెదడ, కళ్ళు తిరగడం. ఇది భయపెడుతుంది గానీ చంపదు. దానికంటే చెడ్డది మోకాళ్ళ నొప్పికి మందులషాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ బిళ్ళ. సంచీ పేగూ కలిసిన అతుకు దగ్గర పుండు పడుతుంది, ఒక్కోసారి రంధ్రమే పడుతుంది. నొప్పికి పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవాలి. బీ12, ఐరన్, కాల్షియం బతికినన్నాళ్ళూ వేసుకోవాలి. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తరవాత ఏటా రక్తపరీక్ష.