వంతుల పద్ధతిలో ఇంట్లోనే ఉండి పనిచేసే ఆయాల జీతం, పని పరిస్థితులు: అపోహలు – వాస్తవాలు

పిల్లలున్న ఇంట్లోనే బస చేసి, రెండు వారాల పాటు రాత్రింబవళ్లు వాళ్లను చూసుకుని, మూడో వారం మొదలయ్యేసరికి మరో ఆయాకు బాధ్యత అప్పగించి డ్యూటీ దిగడం, మళ్లీ రెండు వారాల తరువాత వంతు ఎక్కడం మా వృత్తిలో ఒక పని తీరు. దీన్నే రొటేషన్ నానీ ఉద్యోగం అని కూడా అంటారు. కొన్ని ఇళ్లలో వారానికోసారి, కొన్నింట మూడు వారాలకోసారి వంతులు మారుతుంటాయి. చాలా ఏళ్లుగా నేను ఈ పద్ధతిలోనే పనిచేస్తున్నాను. కొత్తగా చేరేవారు తమ ఒప్పందపత్రాలు తెచ్చి చూపిస్తే చదివి, నాకు తోచింది చెబుతున్నాను. జీతం ప్రస్తావన వచ్చినప్పుడు యజమానుల వైపు నుంచీ, ఆయాల వైపు నుంచీ కూడా వినిపించే పొరపాటు అభిప్రాయాల్లో చాలా వరకు గంటలు లెక్కపెట్టకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: నెలలో సగం రోజులే పని కాబట్టి సగం జీతం ఇస్తే సరిపోతుంది.

నాలుగు వారాల కాలాన్ని తీసుకుని లెక్క వేసి చూద్దాం. వారానికి 40 గంటలు పనిచేసే మామూలు ఉద్యోగి ఆ నాలుగు వారాల్లో చేసేది 160 గంటలు. రెండు వారాల వంతులో ఉన్న ఆయా రోజుకు 12 గంటలు మాత్రమే పనిచేసిందని అనుకున్నా 14 రోజులకు 168 గంటలవుతాయి, అంటే మిగిలిన రెండు వారాలు ఆమె ఇంట్లో కూర్చున్నా పూర్తికాలపు ఉద్యోగి కంటే 8 గంటలు ఎక్కువే పనిచేసినట్లు. అయితే రొటేషన్ ఉద్యోగాల్లో 12 గంటలకు పని ముగిసే ఇళ్లు అరుదు. బిడ్డ బాధ్యత రోజంతా ఆమెదే అయినప్పుడు, రాత్రి 8 గంటల నిద్ర నిరాటంకంగా దక్కిందని ఒప్పుకుని దాన్ని తీసివేసినా 224 గంటలు మిగులుతాయి. రాత్రుళ్లు కూడా కలిపితే ఆ సంఖ్య 336కు చేరుతుంది. డ్యూటీ దిగిన రోజులు ఎవరో దయతలచి ఇచ్చిన సెలవులు కావు, ముందుగానే చేసేసిన గంటలకు బదులుగా దక్కిన విశ్రాంతి. అందుకే ఈ ఉద్యోగంలో జీతాన్ని ఏడాది మొత్తానికి నిర్ణయించి, పని ఉన్న వారాల్లోనూ లేని వారాల్లోనూ సమానంగా పంచి ఇవ్వడం సరైన పద్ధతి. రోజుకింత అని మాట్లాడుకున్నవారు కూడా ఆ రోజులో ఎన్ని గంటలున్నాయో, గంటకు ఎంత పడుతోందో ఒకసారి భాగించి చూసుకోవాలి. అలా భాగించినప్పుడు, పెద్ద మొత్తంగా కనిపించిన రోజుకూలి తమ ప్రాంతపు కనీస వేతనం కంటే తక్కువకు దిగిపోవడం నేను పలుమార్లు చూశాను.

అపోహ: రాత్రి ఆమె కూడా నిద్రపోతుంది కదా, నిద్రకు జీతమేమిటి?

మా పనిలో అన్నిటికంటే చిక్కైన విషయం ఇదే, అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరిగేదీ ఇక్కడే. పుట్టిన కొత్తలో బిడ్డకు రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. పాలు పట్టి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, గుడ్డలు మార్చి, మళ్లీ నిద్రపుచ్చేసరికి ముప్పావుగంటో గంటో గడుస్తుంది. ఆ తరువాత తనకు కునుకు పట్టేలోపే బిడ్డ మళ్లీ కదులుతుంది. ఇలా ముక్కలు ముక్కలుగా దొరికిన నిద్రను కలిపి చూపించి ఆరు గంటలు పడుకుందని చెప్పడం లెక్కకు సరిపోతుందేమో గాని, పద్నాలుగు రాత్రులు అలా గడిపిన మనిషి ఒంటికి సరిపోదు. ఆరు నెలలు దాటి, తెల్లవార్లూ పడుకునే బిడ్డ ఉన్న ఇంట్లో పరిస్థితి వేరు. అక్కడ ఆయా నిద్రపోతుంది, కానీ పక్కగదిలో అలికిడి అయితే లేవాల్సింది ఆమే కనుక బయటికి వెళ్లలేదు, చెవి ఒడ్డకుండా పడుకోలేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన ఇంటి పనివారి ఒడంబడిక, అంటే 189వ ఒడంబడిక, ఈ రెండో రకం సమయాన్ని కూడా గుర్తించింది. పనిచేసే మనిషి తన సమయాన్ని తన ఇష్టప్రకారం వాడుకునే వీలు లేకుండా, పిలిస్తే పలికేందుకు ఆ ఇంటివారికి అందుబాటులో ఉండవలసిన సమయాన్ని, ఏ దేశానికి ఆ దేశపు చట్టాలు నిర్ణయించిన మేరకు, పనిగంటలుగానే పరిగణించాలని దాని పదో అధికరణం చెబుతుంది. ఆ మేర ఎంత అన్నదే దేశానికో రకంగా ఉంది. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం 24 గంటలు, అంతకు మించిన డ్యూటీలో ఉన్నవారికి సరైన పడక వసతి కల్పించి, ముందే ఒప్పుకుంటే గరిష్ఠంగా 8 గంటల నిద్రను పనిగంటల నుంచి మినహాయించవచ్చు. మధ్యలో పని కోసం లేపిన సమయమంతా పనిగంటే, కనీసం 5 గంటల నిద్ర అయినా దక్కని రాత్రి మొత్తం పనిగంటల్లోకే వస్తుంది. బ్రిటన్‌లో ఇందుకు భిన్నంగా, పడుకునే ఏర్పాటుతో కూడిన రాత్రి షిఫ్టుల్లో మేలుకొని పనిచేసిన సమయమే కనీస వేతనపు లెక్కకు వస్తుందని అక్కడి సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పింది. ఆ కేసు సంరక్షణ కార్మికులది. చట్టం ఏ వైపు మొగ్గినా, ఎన్నిసార్లు లేచామో, ఎంతసేపు మేలుకొని ఉన్నామో రాసిపెట్టుకోని రాత్రికి ఆధారం ఉండదు. పాలు పట్టిన వేళలు ఎలాగూ నోటుపుస్తకంలో రాస్తాం, వాటి పక్కనే మళ్లీ పడుకున్న వేళ కూడా రాయండి. నా అభిప్రాయంలో, పసికందు ఉన్న ఇంట్లో రాత్రికి విడిగా రేటు లేని ఒప్పందం మీద సంతకం చేయకూడదు.

అపోహ: తిండి, గది మేమే ఇస్తున్నాం, అది కూడా జీతంలో భాగమే.

పని స్వభావం వల్లనే ఆ ఇంట్లో ఉండక తప్పనప్పుడు, ఆ గది యజమాని అవసరం కోసం ఇచ్చినదే అవుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ నుంచే అదే 2011లో వచ్చిన 201వ సిఫారసు ఈ విషయాన్ని సూటిగానే చెప్పింది: యజమాని షరతు మీద ఆ ఇంట్లో నివసించే మనిషి జీతం నుంచి, ఆమె ఒప్పుకుంటే తప్ప, వసతి కింద ఏమీ కోత వేయకూడదు. గది ఎలా ఉండాలో కూడా అందులోనే ఉంది. విడిగా, గాలి వెలుతురు వచ్చేలా, అవసరమైన సామానుతో ఉండాలి. తలుపుకు తాళం ఉండాలి, ఆ తాళంచెవి పనిచేసే మనిషి చేతికివ్వాలి. పిల్లల గదిలో ఓ మూల వేసిన మంచం ఈ కొలతకు తూగదు. పక్కనే బిడ్డ ఉన్నంతసేపూ ఆమె డ్యూటీలో ఉన్నట్లే కనుక, అటువంటి ఇంట్లో రాత్రి గంటలను మినహాయించుకునే హక్కు యజమానికి ఉందని నేను అనుకోను.

దీని వెంటే వచ్చే మాట ఇంకొకటి ఉంది: "నువ్వు మా ఇంటి మనిషివే కదమ్మా." ఈ మాట అనేవారిలో చాలామంది మనస్ఫూర్తిగానే అంటారు, నేనూ కొన్ని కుటుంబాలతో అంత దగ్గరగానే మెలిగాను. కానీ ఆత్మీయత జీతపు లెక్కను మార్చకూడదు. బ్రిటన్‌లో, కుటుంబసభ్యురాలిలా చూసుకుంటున్నామన్న కారణంతో ఇంట్లో ఉండి పనిచేసేవారికి కనీస వేతనం వర్తించకుండా చేసే మినహాయింపు ఒకటి చాలాకాలం ఉండేది; 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తొలగించారు.

అపోహ: నెలకు రెండు వారాలు ఖాళీ ఉండే మనిషికి వేరే సెలవులు అక్కరలేదు.

వారపు విశ్రాంతి, వార్షిక సెలవు, జబ్బు సెలవు మూడూ వేర్వేరు. రెండు వారాల వంతులో వారపు విశ్రాంతిని పోగుచేసి చివర్లో ఒకేసారి తీసుకుంటున్నాం. అలా పోగుచేయడానికి 201వ సిఫారసు పెట్టిన గరిష్ఠ పరిమితి 14 రోజులు. అందుచేత మూడు, నాలుగు వారాలు ఏకబిగిన సాగే వంతుల్లో, మధ్యలో కనీసం 24 గంటలు పూర్తిగా విడుదల దొరికేలా రాయించుకోవాలి. ఆ విడుదల రోజున ఇంట్లోనే ఉండాలని షరతు పెట్టడం కుదరదు. విశ్రాంతి సమయంలోనూ, సెలవు కాలంలోనూ ఆ ఇంట్లో ఉండవలసిన బాధ్యత పనివారికి లేదని 189వ ఒడంబడిక తొమ్మిదో అధికరణం చెబుతోంది. పాస్‌పోర్టు, గుర్తింపు పత్రాలు తమ దగ్గరే ఉంచుకునే హక్కును కూడా ఆ అధికరణమే ఇచ్చింది. "ప్రయాణాల్లో పోకుండా" అంటూ వాటిని యజమాని బీరువాలో పెట్టించడం మంచి ఉద్దేశంతో జరిగినా ఒప్పుకోకండి.

కుటుంబంతో పాటు విహారయాత్రకు వెళ్లిన రోజుల్ని ఆయా వార్షిక సెలవులో కలిపేయడం ఇంకా కొన్నిచోట్ల జరుగుతోంది. అలా కలపకూడదని ఆ సిఫారసులోనే ఉంది. కొత్త ఊళ్లో, కొత్త గదిలో, వేళ తప్పిన నిద్రతో ఉన్న పిల్లల్ని చూసుకోవడం ఇంటి దగ్గర కంటే కష్టమైన పని.

అపోహ: రెండో ఆయా రావడం ఆలస్యమైతే మొదటి ఆయా ఆగడం ఆమె ధర్మం.

బిడ్డను వదిలి వెళ్లిపోయే ఆయాను నేను ఇంతవరకు చూడలేదు. అవతలి మనిషికి జ్వరం వచ్చినా, బండి తప్పిపోయినా, డ్యూటీ దిగాల్సినామె ఆగుతుంది. ఇబ్బందల్లా ఆ ఆగడం అలవాటుగా మారినప్పుడే. ఒక ఇంట్లో, రిలీవర్, అంటే నా తరువాత వంతు ఎక్కాల్సిన ఆయా, మానేసిందన్న కారణంతో రెండు వారాల నా వంతు ఐదో వారం దాకా సాగింది. చివరి రోజుల్లో మెట్లు దిగుతూ బిడ్డను ఎత్తుకోవాలంటే నా చేతుల మీద నాకే నమ్మకం చాలలేదు. అదనపు రోజులకు జీతం ఇచ్చారు గాని, అది మామూలు రేటుకే. అప్పటి నుంచి నా ఒప్పందాల్లో మూడు విషయాలు ఉండేలా చూసుకుంటున్నాను: పొడిగింపు 48 గంటలకు మించకూడదు, పొడిగించిన ప్రతి గంటకూ పెంచిన రేటు ఇవ్వాలి, పొడిగించినన్ని రోజులూ తరువాతి వంతు ఆలస్యంగా మొదలవాలి. యజమానులకు నేను చెప్పేదేమిటంటే, ఇద్దరు ఆయాలతో నడిచే ఇంటికి అవసరమైతే పిలవదగిన మూడో మనిషి పేరు ముందే తెలిసి ఉండాలి.

అప్పగింత సమయం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బిడ్డ ఎప్పుడు పడుకుంది, ఏ మందు ఎంత మోతాదులో ఏ వేళకు వేశాం, ఏది తింటే ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి, ఈ వారం కొత్తగా దేనికి భయపడుతోంది, ఇవన్నీ అవతలి ఆయాకు ముఖాముఖి చెప్పడానికి కనీసం రెండు మూడు గంటలు ఇద్దరూ కలిసి ఇంట్లో ఉండాలి. ఆ గంటలు ఇద్దరికీ పనిగంటలే. వాటిని మిగుల్చుకోవాలని చూసిన ఇంట్లో, మందు రెండుసార్లు పడబోయి ఆఖరి నిమిషంలో ఆగిన సందర్భం నాకు తెలుసు.

ఆయాలు మారుతుంటే బిడ్డ ఎవరికీ మాలిమి కాదని కొందరు తల్లిదండ్రులు భయపడుతుంటారు. పిల్లలు ఒక్కరికంటే ఎక్కువమందితో అనుబంధం పెంచుకోగలరు. గ్లాస్గోలో 60 మంది శిశువుల మీద జరిపి 1964లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనంలో, ఏడాదిన్నర వయసు వచ్చేసరికి అత్యధికులకు ఒకరికి మించినవారితో అటువంటి అనుబంధం ఏర్పడి ఉంది. బిడ్డను కలవరపెట్టేది తరచూ కొత్త ముఖాలు కనిపించడం. జీతం, విశ్రాంతి సరిగా లేని ఇంట్లో ఆయాలు నిలవరు కనుక, అక్కడే ముఖాలు ఎక్కువగా మారుతుంటాయి.

అపోహ: నమ్మకం ఉన్నచోట రాతకోతలెందుకు?

ఒప్పందం రాయించమని అడిగినందుకు నొచ్చుకున్న కుటుంబాలు నాకు ఎదురయ్యాయి, వాళ్లలో కొందరితో ఆ తరువాత ఏళ్ల తరబడి పనిచేశాను. పత్రంలో జీతం, అది అందే తేదీ, పని వేళలు, సెలవులు, తిండి, బస, మానుకునేటప్పుడు ఇవ్వవలసిన గడువు ఎలాగూ ఉంటాయి. రొటేషన్ ఉద్యోగానికి వీటితో పాటు వంతు మొదలయ్యే రోజు, గంట, దారిఖర్చులు ఎవరివన్నది, రాత్రి రేటు, పొడిగింపు షరతులు, అప్పగింత గంటలు ఉండాలి. వంట, ఇల్లు ఊడ్చడం, పెద్దల బట్టలు పనిలో భాగమా కాదా అన్నది కూడా రాయాలి. మొదటి వంతు ముగిశాక ఇరుపక్షాలూ కూర్చుని, రాసుకున్న గంటలను నోటుపుస్తకంలోని గంటలతో పోల్చి చూసి, తేడా ఉంటే రెండో వంతు ఎక్కేలోపే పత్రాన్ని సవరించుకోవాలి.