180 గంటల వెనక కథ

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా పిన్ని ఇంటికి ముగ్గురు డిగ్రీ పిల్లలు వచ్చారు. మెడలో ఐడీ కార్డులు, చేతిలో సర్వే ఫారాలు. ఇంట్లో ఎంతమంది, గ్యాస్ ఉందా, తాగే నీళ్లు ఎక్కడివి అని అడిగి రాసుకున్నారు. అన్నీ చెప్పాక పిన్ని, "ఇంతకీ ఇది ఏ పథకం బాబూ?" అంది. పథకమేమీ లేదు. అది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ సిలబస్ మారినప్పుడు వచ్చింది. సెలవుల్లో 180 గంటలు ఊళ్లో పనిచేసి, లాగ్‌బుక్ నింపి, రిపోర్ట్ ఇస్తేనే క్రెడిట్లు. ప్రైవేటు కాలేజీ పిల్లలకూ తప్పదు.

ఊరితో కాలేజీకి ఉండే సంబంధాన్ని ఇలా గంటల్లో కొలవాల్సి వచ్చిందంటే దాని వెనక చాలా కథ ఉంది.

మొదట్లో కాలేజీలు పెట్టే పని మిషనరీలది. బందరులో నోబుల్ 1843లో పెట్టిన బడి, గుంటూరులో 1885 నాటి ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ ఆ కోవలోవే. చదువు, సేవ, మతం వాళ్లకు ఒకే మూట. తర్వాత కాలవల కింద పంటలు పండి డబ్బు కనిపించిన డెల్టా పట్టణాల్లో స్థానికులే కమిటీలు వేసుకుని, చందాలు పోగుచేసి కాలేజీలు కట్టుకున్నారు. ఏలూరులో సీఆర్ రెడ్డి కాలేజీ, భీమవరంలో ఇప్పుడు డీఎన్ఆర్ అని పిలుస్తున్న కాలేజీ రెండూ 1945లోనే మొదలయ్యాయి. ఇలాంటివి చాలావరకు ఎయిడెడ్ అయ్యాయి. స్థలం, భవనం కమిటీవి, జీతాలు సర్కారువి. కాలేజీ ఊరికేం చేస్తోందని అప్పట్లో ఎవరూ అడగలేదు, అది ఊరిదే కాబట్టి. అయితే ఆ 'ఊరు'లో ఎవరెవరున్నారో కూడా చూడాలి. కమిటీల్లో ఎక్కువగా కూర్చున్నది భూములున్నవాళ్లే. దళితపేట నుంచి వచ్చిన పిల్లాడికి సంక్షేమ హాస్టలే దిక్కు.

విద్యార్థులు ఊళ్లకు వెళ్లాలన్న ఆలోచన ఢిల్లీ నుంచి వచ్చింది. విశ్వవిద్యాలయ చదువుల మీద వేసిన రాధాకృష్ణన్ కమిషన్ దాన్ని ముందుగా సూచించింది. గాంధీ శతజయంతి ఏడాది 1969లో, సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) మొదలైంది. ఎన్ఎస్ఎస్ లెక్క రెండేళ్లలో 240 గంటలు, అదనంగా ఏడు రోజుల క్యాంపు. నేనూ వెళ్లాను. బడి వరండాలో పడక, పొద్దున్నే పలుగూ పారా. మేం గుంటలు తవ్వి మొక్కలు నాటి వచ్చాం. మరుసటి ఏడాది జూనియర్లు వెళ్లి అవే గుంటల్లో మళ్లీ నాటారు.

అసలు మలుపు 1977లో విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీతో వచ్చింది. దాని తర్వాత ఫీజుతో నడిచే కాలేజీల దారి తెరుచుకుంది. సీటు కోసం అదనంగా గుంజే క్యాపిటేషన్ ఫీజు వద్దంటూ 1983లో రాష్ట్రం చట్టం చేయాల్సి వచ్చింది. 1993లో సుప్రీంకోర్టు ఈ ఫీజుల మీద ఇచ్చిన పెద్ద తీర్పులో ప్రతివాది కూడా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. పేద పిల్లలకు సీటు దొరికింది, అది చిన్న విషయం కాదు. కానీ కాలేజీలు హైవేల పక్కకు చేరాయి, పసుపు బస్సులు ఎక్కడెక్కడి పిల్లల్నో మోసుకొచ్చాయి. గేటు ముందున్న ఊరికీ కాలేజీకీ మిగిలిన సంబంధం ఒక టీకొట్టు, రెండు జిరాక్స్ షాపులు.

అలా తెగినదాన్ని, కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ సంస్థ మార్కులతో అతికించాలని చూశారు. ఊళ్లో చేసిన పనికీ ఆ గ్రేడింగ్‌లో మార్కులు పెట్టారు. 2014లో వచ్చిన కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ ప్రకారం, అందులో చేరిన ప్రతి సంస్థా ఐదు ఊళ్లను దత్తత తీసుకోవాలి. దాంతో బ్యానర్ పట్టుకుని ఎక్కడ తీశారో చూపించే జియోట్యాగ్ ఫొటో దిగడం ఒక కళగా ఎదిగింది. మెడికల్ కాలేజీల సంగతి కాస్త వేరు. పడకలు నిండకపోతే తనిఖీలో టెన్షన్, అందుకే వాటికి ఊరు నిజంగానే కావాలి. ఉచిత ఓపీ బస్సులు ఊరికే తిరగవు. కారణం ఏదైతేనేం, ముసలివాళ్లకు బీపీ చూసేవాళ్లు దొరుకుతున్నారు.

ఊళ్లు మాత్రం పాత లెక్క మర్చిపోలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు, ఫీజులు పెరుగుతాయని తల్లిదండ్రులు, పిల్లలు రోడ్డెక్కారు. అనంతపురంలో నవంబర్‌లో వ్యవహారం లాఠీచార్జి దాకా వెళ్లింది. ఆ తర్వాత, ఇష్టమైతే ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చని యాజమాన్యాలకు ప్రభుత్వం చెప్పింది.

ఇక పిన్ని ఇంటికి వచ్చిన పిల్లలు పోతూ పోతూ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకెళ్లారు, ఫ్లోరైడ్ ఉందేమో కాలేజీ ల్యాబ్‌లో చూస్తామని. పంచాయతీ ఆఫీసులో అడిగితే తమకు ఏ రిపోర్టూ రాలేదన్నారు. నేను ఫోన్ చేసినప్పుడల్లా పిన్ని ఆ సీసా సంగతే అడుగుతోంది.