వెటకారానికి గీత ఎవరు గీశారు?

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటక ప్రదర్శనను నిషేధించింది. నూరేళ్లుగా తీర్థాల్లో, జాతరల్లో తెల్లవార్లూ ఆడుతూ వచ్చిన నాటకమది. రాసిన కాళ్లకూరి నారాయణరావు పశ్చిమగోదావరి జిల్లా మత్స్యపురిలో పుట్టారు. వీరేశలింగం బాట పట్టిన సంస్కర్త. వరకట్నం మీదా, తాగుడు మీదా కూడా నాటకాలు రాశారు. వేశ్యల మోజులో పడి కొంపలు కూల్చుకోవద్దని చెప్పడానికే చింతామణి రాశారు. కానీ జనానికి బాగా గుర్తుండిపోయింది, చింతామణి మోజులో ఆస్తి పోగొట్టుకునే వ్యాపారి సుబ్బిశెట్టి పాత్ర. అది తమ కులాన్ని నవ్వులపాలు చేస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న ఫిర్యాదే ఈ నిషేధానికి దారితీసింది. అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు దాన్ని హైకోర్టులో సవాలు చేశారు.

ఫిర్యాదు చేసినవాళ్ల బాధ నిజమైనదే. కాళ్లకూరి రాసినదానికీ, స్టేజీ మీద ఆడేదానికీ పొంతన తప్పి చాలాకాలమైంది. ఈలలు పడతాయని నాటక సమాజాలు బూతు డైలాగులు చేర్చుకుంటూ పోయాయి. ఆ కులంలో పుట్టిన పిల్లవాణ్ణి బళ్లో తోటివాళ్లు ఆ పాత్ర పేరు పెట్టి పిలిస్తే వాడికి తగిలే దెబ్బ చిన్నది కాదు. అయినా మొత్తం నాటకాన్ని ఆపడం తప్పేనంటాను. బహిరంగంగా బూతు ప్రదర్శించడాన్ని శిక్షించే సెక్షన్ అప్పటికే చట్టంలో ఉంది. దాన్ని వాడకుండా ఏకంగా నాటకానికే తాళం వేశారు. ఆ వేషాల మీద బతికే కళాకారుల కూడు పోయింది.

ఈ గొడవలో ఎవరూ తలుచుకోని మూడో పక్షం ఇంకొకటుంది. ఆ నాటకం పేరే ఒక వేశ్యది. గోదావరి జిల్లాల్లో కళావంతుల కుటుంబాలు గుళ్లలో, జమీందారీ కొలువుల్లో, పెళ్లి మేళాల్లో ఆడి పాడి బతికాయి. పదాలూ అభినయమూ మన దాకా వచ్చాయంటే వాళ్ల చలవే. 19వ శతాబ్దం చివర సంస్కర్తలు భోగం మేళాలు మాన్పించడానికి పూనుకున్నారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ పద్ధతిని చట్టంతో ఆపింది. ఆ ఉద్యమం మంచి ఎంత చేసినా, అది వాడిన ఆయుధాల్లో ఎగతాళి ఒకటి. ప్రహసనాల్లో, అంటే ఎగతాళి నాటికల్లో, ఆ స్త్రీ ఎప్పుడూ డబ్బు గుంజే మనిషిగానే కనిపిస్తుంది. ఆ నవ్వు అక్కడితో ఆగలేదు. డెల్టా అంచున ఉన్న పెద్దాపురం పేరు ఎత్తితే చాలు, ఇవాళ్టికీ ఇకిలించేవాళ్లున్నారు. సినిమాల్లో, వాట్సాప్ జోకుల్లో, రీల్స్ కింద కామెంట్లలో అదే ఇకిలింపు. ఆ ఊరి ఆడపిల్ల కాలేజీలో సొంతూరి పేరు చెప్పడానికి వెనకాడాల్సిన స్థితిని ఆ జోకులే తెచ్చిపెట్టాయి. ఆ జోకులను నిషేధించమని ఏ ప్రభుత్వ ఉత్తర్వూ రాలేదు. అడగడానికి వాళ్లకు పలుకుబడి గల సంఘమూ లేదు.

మనోభావాలు దెబ్బతిన్నాయన్న మాట ఎవరు అంటే చెల్లుతుందో, ఎవరు అంటే గాలికి పోతుందో ఇక్కడే తెలుస్తోంది. నవ్వు మీద పెట్టిన చట్టాల చరిత్రంతా నాకు ఈ తేడా చుట్టూనే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

చట్టాలు రాకముందు హద్దులు వేరేగా ఉండేవి. సామర్లకోట దగ్గరి మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఊరు. రామాయణం నడుమ తెర మీదికి కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చేవాళ్లు. వాళ్ల నోట బూతు ఉండేది, ఊరి పెద్దల మీద చురకలూ పడేవి. చురక తిన్న మనిషి ఎదురుగానే చాప మీద కూర్చుని ఉండేవాడు. బొమ్మ ఆడించేవాడు మళ్లీ పై ఏడు అదే ఊరికి గింజల కోసం రావాలి. ఎవరి మీద ఎంత విసరాలో ఇద్దరికీ తెలుసు, తెల్లారితే అయిపోయేది. అయితే ఆ వెసులుబాటు బొమ్మకే తప్ప అందరికీ లేదు. అదే మాట పాలేరు కామందును అంటే ఆ రోజుల్లో బతికి బట్టకట్టడం కష్టం. పాత పల్లెను తలుచుకుని అప్పట్లో అందరం సరదాగా తీసుకునేవాళ్లమనేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

అచ్చు వచ్చాక లెక్క మారింది. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు. లంచాలు తినే ఉద్యోగులనూ, ముసలివాళ్లకు పసిపిల్లలను కట్టబెట్టే పెద్దలనూ రాజమండ్రి నుంచి రాతతో ఉతికి ఆరేశారు. 1876లో హాస్య సంజీవని మొదలుపెట్టారు. ఆయన ప్రహసనాలు చదివి కోపంతో ఊగిపోయినవాళ్లు తక్కువేమీ కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు వాళ్లు వెలివేతలకూ దిగారు. ఆనాటి పెద్దల మనోభావాలను కొలతగా పెట్టుకుంటే వివేకవర్ధని ఒక్క సంచిక కూడా బయటికి వచ్చేది కాదు.

ఆ 1876లోనే కలకత్తాలో ఇంకొకటి జరిగింది. వేల్స్ యువరాజును తన ఇంటి ఆడవాళ్లతో స్వాగతించిన ఒక ప్లీడరు మీద అక్కడ ప్రహసనం ఆడారు. పోలీసులు అడ్డుకున్నారు. దాన్ని సాకుగా చూపి బ్రిటిష్ ప్రభుత్వం నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. పరువు తీసేదైనా, ప్రభుత్వం మీద ద్వేషం రేపేదైనా, చూసేవాళ్లను చెడగొట్టేదైనా ఆపేయవచ్చంది. ఒక ప్రహసనం పుట్టించిన ఆ చట్టాన్ని కేంద్రం రద్దు చేసింది 2018లో. అంటే స్వాతంత్ర్యం వచ్చాక కూడా 70 ఏళ్లు అది పుస్తకాల్లో బతికే ఉంది.

వందేమాతరం రోజుల్లో ఈ నేల మీద పెద్ద పరీక్షే జరిగింది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం వాటిని తెలుగు చేసి, ఆశువుగా ఒక పద్యం చెప్పారు. భరతఖండం పాడియావు, హిందువులు లేగదూడలు, తెల్లవాళ్లు ఆ దూడల మూతులు కట్టేసి పాలు పిండుకుంటున్న గడసరి గొల్లవాళ్లు. దొరల మీద అంతకన్నా పదునైన వ్యంగ్యం అప్పటికి తెలుగులో లేదనిపిస్తుంది. ఆ పద్యం ఊరూరా పాకింది. వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతికి వచ్చిన విద్యార్థులను రాజమండ్రి కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు మరుసటి ఏడు బెజవాడ స్వరాజ్య పత్రికలో వచ్చిన రాతకు రాజద్రోహం కింద జైలుకు వెళ్లారు.

అప్పటిదాకా చట్టం ప్రధానంగా కాపాడింది సర్కారును. మనోభావాల సెక్షన్ 1927లో వచ్చింది. లాహోరులో ఒక మత ప్రవక్త మీద వెకిలి వ్యంగ్యంతో కరపత్రం అచ్చయింది. ఉన్న చట్టాల కింద అది నేరం కాదని హైకోర్టు ప్రచురణకర్తను వదిలేసింది. అల్లర్లు చెలరేగాయి. దానికి జవాబుగా భారత శిక్షాస్మృతిలో (ఐపీసీ) 295ఏ సెక్షన్ వచ్చింది. 1929లో ఆ ప్రచురణకర్తను హత్య చేశారు. బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తేనే నేరమని సెక్షన్‌లో రాసి ఉంది. 1957లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించినప్పుడు కూడా ఆ షరతునే ఒత్తి చెప్పింది. ఫిర్యాదు రాసేవాళ్లు, దాన్ని తీసుకునే స్టేషన్లు ఆ షరతును పట్టించుకోవడం అరుదు. ఇప్పుడు అది, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్.

రాజ్యాంగం వచ్చాక దాని 19(1)(ఏ) అధికరణం మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది. 1951లో మొదటి సవరణ ‘సహేతుకమైన ఆంక్షల’ జాబితాను విస్తరించింది. ఆ జాబితాలో ప్రజాశాంతి, సభ్యత, నైతికత, పరువునష్టం ఉన్నాయి. ఎదుటివాడికి చిరాకు కలగడం మాత్రం లేదు.

ఆ చిరాకును నేరాల్లోకి తెచ్చిపెట్టింది ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్. 2008 సవరణతో చేరి 2009 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. తీవ్రంగా అభ్యంతరకరమైనది పంపితే నేరం. అబద్ధమని తెలిసీ చిరాకు, అసౌకర్యం కలిగించేందుకు పదేపదే పంపినా నేరమే. శిక్ష మూడేళ్ల దాకా. ఏది అభ్యంతరకరమో చెప్పే నిర్వచనం లేదు. 2012 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మీద వేసిన కార్టూన్ ఫార్వర్డ్ చేసినందుకు జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌ను అరెస్టు చేశారు. అదే ఏడు నవంబరులో మహారాష్ట్ర పాల్ఘర్‌లో బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో అడిగిన అమ్మాయినీ, ఆ పోస్టుకు లైక్ కొట్టిన ఆమె స్నేహితురాలినీ తీసుకెళ్లారు. లైక్ కొట్టినందుకు అరెస్టా అని దేశం ఉలిక్కిపడింది. శ్రేయా సింఘాల్ అనే న్యాయ విద్యార్థిని కోర్టుకెక్కింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ధర్మాసనం 66ఏను కొట్టేసింది. చలమేశ్వర్ పక్కనున్న కృష్ణా జిల్లా వారు. చర్చ వేరు, ఒక అభిప్రాయాన్ని సమర్థించడం వేరు, జనాన్ని ఉసిగొల్పడం వేరు, మొదటి రెండింటి మీద రాజ్యం చెయ్యి వేయకూడదని ఆ తీర్పు విడదీసి చెప్పింది. తీర్పు స్టేషన్లకు చేరడానికి ఎన్నేళ్లు పట్టిందో చూడండి. 2021లోనూ ఆ చచ్చిన సెక్షన్ కింద కేసులు పెడుతున్నారని తెలిసి సుప్రీంకోర్టే విస్తుపోయింది. 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది.

66ఏ పోయినా మన రాష్ట్రంలో పద్ధతి మారలేదు. 2017లో శాసనమండలి మీద కార్టూన్ వేసిన పేజీ నిర్వాహకుణ్ణి అరెస్టు చేశారు. 2020లో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ ప్రమాదం మీద ప్రశ్నలు వేసిన గుంటూరు పెద్దావిడకు సీఐడీ నోటీసిచ్చింది. 2024 నవంబరులో వరుసగా సోషల్ మీడియా అరెస్టులు జరిగాయి. మూడుసార్లూ సర్కారు నడిపింది ఒకే పార్టీ కాదు. 2024 నాటి పోస్టుల్లో కొన్ని నాయకుల ఇళ్లలో ఆడవాళ్ల మీద రాసిన పచ్చి బూతులు, వాటికి కేసు పడటం సబబే. కానీ భీమవరంలోనో, రావులపాలెంలోనో ఒక మామూలు ఇంటి ఆడపిల్ల ఫొటో మార్ఫ్ చేసి మీమ్ చేస్తే పోలీసులు ఆ వేగంతో కదులుతారా? నాకు మండేది ఇక్కడే.

2022 మే 24న అమలాపురం తగలబడింది. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ వచ్చిన గుంపు మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికీ, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికీ నిప్పు పెట్టింది. వాట్సాప్ గ్రూపుల్లోనే జనాన్ని పోగేశారని పోలీసులు చెప్పారు. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఆ నిప్పుకు హాస్యం కారణమని నేననను. కానీ కులాన్ని వెక్కిరించే మాటలు సరదా పేరుతో ఒక గ్రూపులో ఏళ్ల తరబడి తిరుగుతుంటే, ఆ గ్రూపులో ఎవరిని మనిషిగా చూడనక్కర్లేదో అందరికీ అలవాటైపోతుంది. ఆ తర్వాత వచ్చే పిలుపుకు కొత్తగా చెప్పాల్సింది పెద్దగా ఉండదు. నలుగురి ఎదుట కులం పేరుతో దళితులను, గిరిజనులను అవమానిస్తే నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టం చెబుతోంది. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియో చూసిన ప్రతిసారీ ఆ అవమానం నలుగురి ఎదుట జరిగినట్టేనని 2022లో కేరళ హైకోర్టు అంది.

2024 జులైలో తెలుగువాళ్లందరినీ కుదిపిన కేసు తెలిసిందే. ఒక తండ్రీ, చిన్న కూతురూ ఆడుకుంటున్న వీడియోను కొందరు రోస్ట్, అంటే ఆటపట్టించడం, పేరుతో లైవ్‌లో పెట్టుకుని లైంగిక వెకిలి మాటలు అన్నారు. డార్క్ కామెడీ అన్నారు. నటుడు సాయి ధరమ్ తేజ్ బయటపెట్టాక తెలంగాణ సైబర్ పోలీసులు ఒక యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేశారు. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం సెక్షన్లు పెట్టారు. ఆ నవ్వుకు ఎర అయింది పసిపిల్ల. ఆమె తిరిగి మాట అనలేదు, తన వీడియో ఎక్కడికి పోయిందో ఆమెకు తెలియదు. ఇందులో వాక్‌స్వేచ్ఛ మాట ఎత్తడానికే చోటు లేదు.

అదే నెల 8న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం ఒక సినిమా కేసులో మంచి గీత గీసింది. వైకల్యంతో బతకడం ఎలా ఉంటుందో అర్థమయ్యేలా నవ్వించడం వేరు, వైకల్యం ఉన్న మనిషిని చిన్నబుచ్చే నవ్వు వేరు అంది. కులానికీ, ఆడవాళ్లకూ, పెద్దాపురానికీ సరిపోయే గీత అది. ఎవరికి కోపం వచ్చిందని కాకుండా, ఆ నవ్వు ఎవరి బతుకును తగ్గించిందని అడుగుతుంది. ముఖ్యమంత్రిని, ఎమ్మెల్యేను, దేవుడి పేరుతో వ్యాపారం చేసేవాణ్ణి వెక్కిరిస్తే వాళ్ల బతుకు తగ్గదు. జవాబు చెప్పుకోవడానికి వాళ్లకు మైకులు ఉన్నాయి. 2025 ఆగస్టులో అదే సుప్రీంకోర్టు, వికలాంగుల మీద జోకులు వేసిన కమెడియన్లను క్షమాపణ చెప్పమంటూనే, ఆన్‌లైన్ మాటలకు మార్గదర్శకాలు తయారుచేయమని కేంద్రాన్ని అడిగింది. వాటిలో చిరాకు, అసౌకర్యం వంటి మాటలు మళ్లీ దూరితే 66ఏ దొడ్డిదారిన వచ్చినట్టే.

ఈలోగా పోస్టు పెట్టినందుకు నోటీసు అందుకున్నవాళ్లకు పనికొచ్చే తీర్పు ఒకటుంది. 2025 మార్చి 28న ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద ఒక కవిత కోసం గుజరాత్‌లో పెట్టిన ఎఫ్ఐఆర్‌ను సుప్రీంకోర్టులో జస్టిస్ ఓకా ధర్మాసనం కొట్టేసింది. ప్రతి విమర్శనూ తన మీద దాడిగా చూసే బలహీన మనసులతో కాక, నిబ్బరమున్న మనిషి మనసుతో ఆ మాటలను తూచాలంది. మాటకు, రాతకు సంబంధించి మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమని ఫిర్యాదు వస్తే, కేసు కట్టేముందు, పోలీసులు కేసు నడిపే పద్ధతిని చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 173(3) కింద ప్రాథమిక విచారణ జరపడమే సరైనదంది. డీఎస్పీ అనుమతి తీసుకుని 14 రోజుల్లో ముగించాల్సిన విచారణ అది. అమలాపురంలో అయినా, తణుకులో అయినా, తన మీద కేసు కట్టేముందు ఆ విచారణ జరిగిందా లేదా అని స్టేషన్‌లో నిలదీసి అడగవచ్చు. జరగలేదంటే, ఆ సంగతి కాగితం మీద పెట్టి హైకోర్టుకు వెళ్లవచ్చు.