చెవి దగ్గర ఫోన్, లోపల మెదడు

2011లో అమెరికాలో 47 మంది ఆరోగ్యవంతులకు రెండు చెవుల దగ్గరా ఫోన్లు అమర్చి, మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజ్ వాడుతోందో చూపే పెట్ స్కాన్ తీశారు. కుడివైపు ఫోన్ 50 నిమిషాలు కాల్‌లోనే ఉంది. మాటలు వింటే మెదడు ఎలాగూ స్పందిస్తుంది కాబట్టి శబ్దం ఆపేశారు. యాంటెన్నాకు దగ్గరి భాగంలో గ్లూకోజ్ వినియోగం దాదాపు 7 శాతం పెరిగింది, మొత్తం మెదడు లెక్కలో మాత్రం తేడా లేదు. ఇది హాని జరిగిందనడానికి రుజువు కాదు. కళ్లు తెరిచి ఏదైనా చూస్తున్నప్పుడు చూపుకు సంబంధించిన భాగంలో పెరుగుదల ఇంతకంటే ఎక్కువే.

మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షల్లోనూ ఇలాంటి జాడే ఉంది. ఫోన్ సిగ్నల్ తగిలాక ఆల్ఫా తరంగాలు, అంటే సుమారు 8 నుంచి 12 హెర్ట్జ్‌వి, కాస్త బలపడినట్టు పలు ప్రయోగాల్లో తేలింది. అందరిలోనూ కాదు, ఆ మార్పు మనిషికి తెలిసేంతగానూ కాదు.

ఫోన్ వెలువరించే రేడియో తరంగాలు డీఎన్ఏను విరగ్గొట్టలేవు. అందుకు అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికేంత శక్తి, అంటే సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టులు (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) కావాలి. 2 గిగాహెర్ట్జ్ తరంగపు ఒక్కో ఫోటాన్‌లో, అంటే శక్తి పొట్లంలో, ఉండేది అందులో పది లక్షల్లో ఒక వంతు కూడా కాదు. ఇక ఖాయంగా తెలిసిన ప్రభావం వేడి ఒక్కటే, దాన్నీ రక్తప్రవాహం ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది. చాలాసేపు మాట్లాడాక చెవి వెచ్చబడటానికి ముఖ్య కారణం బ్యాటరీ వేడి, గాలి ఆడకపోవడం.

ఫోన్ పెట్టెమీద ఉండే ‘సార్’ విలువను, అంటే శరీరం కిలోకు ఎంత శక్తి పీల్చుకుంటుందో చెప్పే అంకెను, జనం తప్పుగా చదువుతారు. అమెరికాలో పరిమితి ఒక గ్రాము కణజాలం సగటున కిలోకు 1.6 వాట్లు, ఐరోపాలో తలకు 10 గ్రాముల సగటున 2 వాట్లు. కొలిచే పద్ధతే వేరు కాబట్టి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పైగా ఆ విలువ ఫోన్ పూర్తి శక్తితో పనిచేస్తున్నప్పటిది. 4జీ ఫోన్ గరిష్ఠ శక్తి సాధారణంగా 200 మిల్లీవాట్లు. టవర్ దగ్గరుంటే అందులో చాలా చిన్న భాగంతోనే పని నడుస్తుంది. లిఫ్టులోనో సెల్లార్‌లోనో సిగ్నల్ గీతలు ఒకటికి పడిపోతే ఫోన్ గొంతు పెంచుతుంది, అంటే ఎక్కువ శక్తితో తరంగాలు పంపుతుంది. కాబట్టి సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మెసేజ్ పంపడం మేలు, మాట్లాడక తప్పకపోతే స్పీకర్ పెట్టి చేతి దూరంలో పట్టుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వెలువరించేది సాధారణంగా కొద్ది మిల్లీవాట్లే.

రేడియేషన్‌ను ఆపుతాయని అమ్మే స్టిక్కర్లతో ఉపయోగం లేదు. యాంటెన్నాకు నిజంగానే అడ్డుపడితే టవర్‌ను అందుకోవడానికి ఫోన్ శక్తి ఇంకా పెంచుతుంది, చార్జింగ్ త్వరగా అయిపోతుంది.

క్యాన్సర్ విషయానికొస్తే, 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను ‘2బి’ వర్గంలో, అంటే అవకాశాన్ని కొట్టిపారేయలేని వాటిలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించి, 2024లో వెలువడిన సమీక్షలో మెదడు క్యాన్సర్‌తో సంబంధం కనబడలేదు.

ఫోన్ వల్లే తలనొప్పి వస్తోందనేవారిని సిగ్నల్ ఉందో లేదో చెప్పకుండా పరీక్షిస్తే, వాళ్లు ఊహించి చెప్పినదానికి మించి దాన్ని పట్టుకోలేకపోయారు. నొప్పి మాత్రం నిజమే, ‘సిగ్నల్ ఉంది’ అన్న నమ్మకమే దాన్ని తెప్పించగలదు. రాత్రి నిద్ర చెడేది కూడా ఎక్కువగా తెర వెలుతురు వల్ల, గంట మోతల వల్ల. పడుకునేటప్పుడు ఫ్లైట్ మోడ్ పెడితే సిగ్నలూ ఆగుతుంది, కాల్స్ గోలా ఆగుతుంది. అలారం మాత్రం యథాప్రకారం మోగుతుంది.