గుండిగలో మిగిలిందా, కంచంలో మిగిలిందా?

బడిలో మధ్యాహ్న భోజనం అయ్యాక మిగిలినదంతా ఒకే తొట్టిలో పోస్తే, అది ఎందుకు మిగిలిందో ఇక తెలియదు. గుండిగ అడుగున అన్నం మిగిలితే కొలత తప్పినట్టు. కంచాల్లో మిగిలితే వంటలోనో వడ్డనలోనో లోపమున్నట్టు. రెండు బకెట్లు, ఒక స్ప్రింగు త్రాసు పెట్టుకుని, రెండు వారాలు విడివిడిగా తూచి, పక్కనే ఆ రోజు హాజరు, కూర పేరు రాస్తే తప్పు ఎక్కడుందో బయటపడుతుంది.

మధ్యాహ్న భోజన పథకమైన పీఎం పోషణ్ కొలత ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. 6 నుంచి 8 తరగతులకు 150, 30, 75 గ్రాములు. ప్రాథమిక బడిలో పేర్లున్నవాళ్లు 120 మంది, వచ్చినవాళ్లు 96 మంది అనుకుందాం. పేర్లు లెక్కపెట్టి బియ్యం పోస్తే 2.4 కిలోలు ఎక్కువ పడతాయి. ఉడికితే అది ఆరేడు కిలోల అన్నం. ఎసరు ముందే పెట్టుకోవచ్చు, బియ్యం మాత్రం హాజరు తేలాకే కొలవాలి.

వడ్డనలో చిక్కు వేరు. ఒకటో తరగతి పిల్లకూ అయిదో తరగతి పిల్లాడికీ కాగితం మీద కొలత ఒకటే, ఆకలి ఒకటి కాదు. అందరికీ మొదట సగమే పెట్టి, మారు వడ్డనకు పిలవాలి. మారు అడిగినప్పుడు విసుక్కుంటే పిల్లలు మర్నాటి నుంచి మొదటే ఎక్కువ పెట్టించుకుంటారు, మిగిలింది ఎంగిలి బకెట్‌లోకి పోతుంది.

అన్నం ముద్దయినా అంతే. కొత్త బియ్యం తక్కువ నీళ్లు తాగుతాయి, పాత బియ్యానికి పోసినంత పోస్తే చెడుతుంది. గంజి వార్చడం మానితే మంచిది, బి విటమిన్లు కొంత దాంతోనే పోతాయి. ఫోర్టిఫైడ్ (పోషకాలు చేర్చిన) బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలిపే గింజలు కాస్త తేడాగా కనిపిస్తాయి, కడిగేటప్పుడు కొన్ని తేలతాయి కూడా. ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తే ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 పారేసినట్టే.

గుండిగలో మిగిలిన అన్నాన్ని సాయంత్రానికి దాచడం ప్రమాదం. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. అందులో వాంతులు తెప్పించే రకం మళ్లీ వేడిచేసినా పోదు. 60 డిగ్రీల పైన వేడిగా ఉన్నప్పుడే మారు వడ్డించెయ్యాలి.

కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్లు కుడితిలోకి పోవచ్చు. అన్నం మాత్రం బకెట్లకొద్దీ పశువుకు పెట్టకూడదు. ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికొస్తుంది.

ఇక ఎంగిలికి కంపోస్టే దారి. అన్నంలో మూడింట రెండు వంతులు నీరే, ఒత్తుగా పేరుకుంటే గాలి ఆడక పుల్లటి కంపు, ఈగలు. పప్పుచారు వంపేసి, బకెట్ ఎంగిలికి రెండుమూడు బకెట్ల ఎండుటాకులు కలపాలి. వేప, కానుగ ఆకులు ఆవరణలోనే దొరుకుతాయి. బడి ఊడ్చి తగలబెట్టేవి అవే! రోజూ పైన ఆకుల పొర కప్పాలి. గుడ్డు పెంకులు ఎండబెట్టి నలిపి వెయ్యాలి, లేకపోతే అలాగే ఉండిపోతాయి. కుప్ప మీటరు ఎత్తు, మీటరు వెడల్పు లేకపోతే వేడెక్కదు. లోపలికి ఇనుప కడ్డీ గుచ్చి అయిదు నిమిషాలకు తీస్తే, పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. చల్లగా, తడిగా ఉంటే ఆకులు కలిపి తిరగెయ్యాలి. పొడిగా ఉంటే నీళ్లు చిలకరించాలి. వారానికోసారి తిరగేస్తే రెండుమూడు నెలల్లో ఎరువు సిద్ధం. వేసవి సెలవుల్లో చూసే దిక్కుండదు గనక, ఏప్రిల్ రెండో వారం నుంచి కొత్త ఎంగిలి వెయ్యకుండా, తడిపి, ఆకులతో మందంగా కప్పి వదిలెయ్యాలి.